పైకప్పు విషయమై మంత్రిగారి అభిప్రాయం

ప్రభుత్వం కళలను ప్రేమిస్తుంది. ఈ విషయంలో ఎవరికీ ఎటువంటి సందేహమూ ఉండనవసరం లేదు. ఉన్నట్లయితే, సందేహాల నివృత్తికి అయిదో అంతస్తులో ప్రత్యేక విభాగం ఉంది (లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే వెళ్తుంది). పైగా ప్రభుత్వం మనలాగా ఊరికే ప్రేమించి ఊరుకోదు, పద్ధతి ప్రకారం ప్రేమిస్తుంది. ఆ పద్ధతికి స్థానిక కళాప్రోత్సాహక మండలి అని పేరు. మండలికో భవనం, భవనానికో బోర్డు, బోర్డు మీద రెక్కలు విప్పిన పక్షి, పక్షి మెడలో ‘భోజన విరామం’ అని వేలాడే అట్టముక్క.

ఆ ప్రేమలో తనకూ కాస్త వాటా దొరక్కపోతుందా అని బయల్దేరినవాళ్ళలో మన బొమ్మలాయన ఒకడు.

ఈయనకో ఆటశాల ఉంది. మెకానిక్ షెడ్డుకీ తాళంచెవుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది. ముందు బెంచీలు, చివర నల్లతెర, తెర వెనక ఈయన. గది కట్టించింది తండ్రి, బొమ్మలు చెక్కిందీ తండ్రే. ప్రతి ఆదివారం సాయంత్రం బొమ్మలాట. వీధిలో పిల్లలంతా వస్తారు. పిల్లల్ని దింపిపోదామని వచ్చిన పెద్దవాళ్ళు కూడా, ‘కాసేపేలే’ అనుకుంటూ చివరిదాకా కూర్చుంటారు. ఆటకి ఏ లోటూ లేదు. లోటల్లా నెత్తి మీదే ఉంది.

పైకప్పు రేకులకి తుప్పు పట్టి చాలాకాలమైంది. వాన పడితే కారని చోటు చూసి బొమ్మల పెట్టె పెట్టడం, సరిగ్గా అక్కడే కారడం మామూలైపోయింది. ఆటలో రాజుగారు ఠీవిగా “మా రాజ్యంలో దేనికీ కొరత లేదు” అంటే చాలు, పక్కనున్న బకెట్లో టప్పుమని చుక్క పడేది. జనం విరగబడి నవ్వేవాళ్ళు. కథలో రాసిపెట్టిన చమత్కారం అనుకున్నారు పాపం.

నవ్వులాట కాదది. కర్రబొమ్మకి తడి తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బితే మెడ తిరగదు. ‘మెడ తిరగని బొమ్మని పొయ్యిలోనైనా పెట్టాలి, పదవిలోనైనా పెట్టాలి’ అనేవాడు బొమ్మలాయన తండ్రి. అప్పటికే రాకుమారి మెడ బిగిసిపోయింది. బొమ్మలకి బట్టలు కుట్టే భార్య, పచ్చిగా వాసనేస్తున్న రాణిగారి చీరని పిండి ఆరేస్తూ తేల్చి చెప్పేసింది.

“మళ్ళీ వానలు మొదలయ్యేలోగా కప్పు మారిందా సరే. లేదంటే ఆటశాలకి తాళం వేసేద్దాం. మెకానిక్ షెడ్డతను అడుగుతూనే ఉన్నాడు, టైర్లు పెట్టుకుంటాట్ట.”

“టైర్లా? మా నాన్న కట్టిన చోట టైర్లా?”

“టైరు తడిసినా ఉబ్బదు మరి.”

ఆ మాట బొమ్మలాయనకి గుండెల్లో గుచ్చుకుంది. నిజం కావడం వల్ల ఇంకాస్త లోతుగా గుచ్చుకుంది. మర్నాడే ‘కళాస్థలాల మరమ్మతు సహాయ పథకం’ కింద దరఖాస్తు రాసి, ఆటశాల పాత కరపత్రం ఒకటి రుజువుగా జతచేసి, మంత్రిగారిని సంచిలో వేసుకుని మండలి కార్యాలయానికి బయల్దేరాడు.

మంత్రిగారెవరో చెప్పాలి కదా. మంత్రిగారు కూడా బొమ్మే. తండ్రి చెక్కినవాటిలో పెద్దది. బూరెబుగ్గలు, సన్నమీసం, దారం లాగితే వాలి లేచే పెద్దపెద్ద రెప్పలు. నడుములోంచి చెయ్యి దూర్చి, చూపుడువేలితో తల, బొటనవేలితో కుడిచెయ్యి ఆడించాలి. ఏ కథ ఆడినా రాజు మారేవాడు, రాజ్యం మారేది, మంత్రి మాత్రం ఈయనే. వరదొచ్చిందన్నా, శత్రువులు కోట తలుపు విరగ్గొట్టారన్నా ఈయన నిదానంగా తల పంకించి, రెప్పలార్పి, చెయ్యెత్తి “చూద్దాం లెండి” అంటాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆటశాలలో తడి కాబట్టి, రాకుమారి గతి ఈయనకి పట్టకూడదని, బొమ్మలాయన ఎక్కడికెళ్ళినా సంచిలో వెంట తీసుకెళ్తాడు.

ఇంకో సంగతి కూడా ముందే తెలియాలి. తండ్రి నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, చేతికి బొమ్మ ఉన్నంతసేపు బొమ్మలాయన గొంతు బయటికి వినపడకూడదు. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా చెప్పినా సరే, జవాబు బొమ్మే చెప్పాలి. ఈ పాఠాన్ని కొడుకు ఎముకల్లోకి ఇంకించుకున్నాడు. ఒకసారి సాధన చేస్తుండగా గ్యాస్ సిలిండర్ తెచ్చినతను తలుపు కొడితే, మంత్రిగారు “చూద్దాం లెండి” అని పంపేశారు. వారంపాటు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. భార్య ఆ వారాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వనూ లేదు.

మండలి కార్యాలయంలో మూడో కిటికీ గుమాస్తా మంచివాడు. తిట్టడు, విసుక్కోడు, పని కూడా చెయ్యడు. దరఖాస్తు అందుకుని, కిటికీకి బిగించిన కెమెరా చూపించాడు.

“సజీవ ధ్రువీకరణండీ. కళాకారుడు బతికున్నట్టు కంప్యూటర్ ఒప్పుకోవాలి. ఇందులోకి చూసి రెప్పలార్పండి.”

బొమ్మలాయన రెప్పలార్పాడు. ‘ముఖం సరిపోలలేదు’ అంది కంప్యూటర్. గుర్తింపు కార్డులో ఉన్నాయనకి నిండుగా జుట్టుంది. ఇక్కడున్నాయనకి లేదు. మళ్ళీ ఆర్పాడు. ‘దరఖాస్తుదారు సజీవంగా లేనట్లు తెలుస్తోంది. సానుభూతి’ అంది.

“ఎదురుగా నిలబడే ఉన్నాను కదండీ!”

“నాకు కనిపిస్తున్నారండీ. నాకు కనిపిస్తే చాలదు.” గుమాస్తా నిజంగానే బాధపడ్డాడు. “మీ సంస్థలో ఇంకెవరూ కళాకారులు లేరా?”

“నేనూ, ఇదిగో, ఈ బొమ్మలూనండీ.” బొమ్మలాయన తన మాటకి రుజువుగా మంత్రిగారిని సంచిలోంచి తీసి చేతికి తొడుక్కున్నాడు. తొడుక్కున్నాక బొమ్మని ఒట్టిగా ఉంచడం ఆ వంశంలో లేదు. మంత్రిగారు కెమెరా వైపు తిరిగి తల పంకించారు. రెండు రెప్పలూ ఆర్పారు.

కంప్యూటర్ ఒక్క క్షణం ఆలోచించింది. దరఖాస్తుకి జతచేసిన పాత కరపత్రం మీద మంత్రిగారి ముఖం, దాని కింద ‘మంత్రిగారు’ అన్న పేరూ అచ్చయి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ ముఖంలో వెంట్రుకవాసి మార్పు లేదు. ‘ముఖం పూర్తిగా సరిపోలింది. కళాకారుడికి స్వాగతం’ అంది, చిన్న సంగీతం కూడా వినిపించింది.

గుమాస్తా ముఖం విప్పారింది. “హమ్మయ్య! ఇతర ఆదాయం ఏమైనా ఉందాండీ?”

బొమ్మలాయన నోరు విప్పబోయాడు. కానీ చేతికి బొమ్మ ఉంది. మంత్రిగారే తల అడ్డంగా ఊపారు.

“గతంలో మండలి నుంచి సాయం పొందారా?”

“చూద్దాం లెండి.”

“మండలి నిర్ణయాల మీద ఎప్పుడైనా ఎక్కడైనా అభ్యంతరం చెప్పారా?”

మంత్రిగారు నొచ్చుకున్నట్టు రెప్పలు దించేశారు. గుమాస్తా చకచకా అన్నీ నొక్కేసి, రసీదు చేతిలో పెట్టాడు. అందులో కళాకారుడన్న చోట ‘మంత్రిగారు’ అనీ, సహాయకుడన్న చోట బొమ్మలాయన పేరూ ఉన్నాయి. బొమ్మలాయన గాభరాగా బొమ్మని చేతినుంచి ఊడదీశాడు.

“బాబూ, అది బొమ్మ!”

“బొమ్మని నాకు మాత్రం తెలీదాండీ? కానీ కంప్యూటర్ ఒప్పేసుకుంది. అది ఒప్పుకున్నదాన్ని నేను కాదన్నాననుకోండి, ఎందుకు కాదన్నానో రాసి అయిదో అంతస్తుకి పంపాలి.” గొంతు తగ్గించి, “పైగా ఈయన దరఖాస్తు చాలా శుభ్రంగా ఉందండీ. మీది అట్లా లేదు” అన్నాడు.

కొన్నాళ్ళకి మండలి నుంచి జవాబొచ్చింది. బొమ్మలాయన భార్యకి గట్టిగా చదివి వినిపించాడు. సారాంశం ఏమంటే, ఆటశాల సదరు కళాకారుడి పేరున లేనందువల్ల పైకప్పుకి సాయం ఇప్పట్లో కుదరదు. అయితే సదరు కళాకారుడి నిష్కళంకమైన రికార్డును గమనించిన మండలి, ఆయన్ని సలహా సంఘంలో కళాకారుల ప్రతినిధిగా నియమించడానికి సంతోషిస్తోంది. (అంతకుముందున్న ప్రతినిధులు ప్రశ్నలడిగేవారు. మండలి ఆ అనుభవం నుంచి పాఠాలు నేర్చుకుంది.) సహాయకుడు వెంట రావచ్చు, టీ తాగవచ్చు, మాట్లాడరాదు.

“బాగానే ఉంది” అంది భార్య. “బొమ్మకి కుర్చీ, మనకి బకెట్టు.”

“అది కాదే. లోపల మన మనిషున్నాడంటే మాటలా? కప్పు దరఖాస్తు ఈసారి సహాయకుడి హోదాలో నేను వేస్తాను. సంఘం ముందుకొచ్చిన రోజున మంత్రిగారు ఒక్కమాట సాయం చేస్తే చాలు.”

“ఆయనకి ఒక్కమాటే కదా వచ్చు.”

బొమ్మలాయన ఆ మాట విననట్టు ఊరుకున్నాడు. ఆశ పుట్టినవాడికి వినికిడి కొంచెం తగ్గుతుంది.

సలహా సంఘం ఆదివారం సాయంత్రాలు సమావేశమవుతుంది (సభ్యుల్లో ఎవరికీ ఆదివారం సాయంత్రం ఏ ఆటకీ పాటకీ వెళ్ళే అలవాటు లేదు గనక). సంఘంలో ఒక రిటైరైన తూనికల అధికారి, ఒక లెక్కల పరిశీలకుడు, భవనాల శాఖ నుంచి అరువొచ్చిన ఒక ఇంజనీరు, అందరి మీదా అధ్యక్షురాలు. కళతో సంబంధం ఉన్నవాళ్ళెవరూ లేరు. నిష్పాక్షికతకి భంగం రాకూడదని ఆ ఏర్పాటు. మెత్తటి కుర్చీలో మంత్రిగారు, కుర్చీ వెనక ముక్కాలిపీట మీద సహాయకుడు.

మంత్రిగారు మొదటి రోజే సభని గెలిచేశారు. ఎవరు మాట్లాడినా అటు తిరిగి తల పంకించేవారు. చర్చ వేడెక్కినప్పుడు రెప్పలు వాల్చేవారు. అధ్యక్షురాలు గారు “మీ అభిప్రాయం?” అంటే, కాస్త ఆగి, “చూద్దాం లెండి” అనేవారు. ఆ ఆగడంలో ఉందండీ అసలు విద్యంతా! తండ్రి దగ్గర ఏళ్ళ తరబడి తిట్లు తిని నేర్చుకున్న ఆగడం అది. తూనికల అధికారి పక్కవాడి చెవిలో “ఎంత లోతైన మనిషో” అన్నాడు. బొమ్మలాయనకి ఒళ్ళు పులకరించింది. ఆటశాలలో పిల్లలు నవ్వేవాళ్ళే తప్ప, ఇంత శ్రద్ధగా ఎవరు విన్నారు?

ఆటలు మాత్రం ఆగిపోయాయి. మంత్రి లేకుండా ఏ కథా నడవదు, మంత్రిగారేమో ఆదివారాలు ఖాళీగా లేరు. ఆటశాల తలుపుకి ‘ఈ ఆదివారం ఆట లేదు’ అని అట్ట తగిలించారు. రెండో వారానికి దాన్ని తియ్యడం, మళ్ళీ తగిలించడం దండగనిపించి అలాగే ఉంచేశారు.

గోడలావిడ దరఖాస్తు వచ్చింది కూడా అలాంటి ఓ ఆదివారమే. వీధిగోడల మీద ఏనుగులూ ఓడలూ మేఘాలూ గీసే మనిషి. ఆటశాల గోడ మీద నడిచే కోటని గీసింది కూడా ఆవిడే. అడిగింది ఒక్క నిచ్చెన. లెక్కల పరిశీలకుడు దరఖాస్తు తిరగేశాడు.

“గోడ ఆవిడది కాదు. పైగా గోడ బయట ఉంది. బయట ఉన్నది రోడ్ల శాఖ చూసుకోవాలి.”

“నిచ్చెన మాత్రం కళ అవుతుందా?” అన్నాడు ఇంజనీరు. “అది ఎక్కే సాధనం.”

తిరస్కరించడానికి సమ్మతమైనవాళ్ళు చెయ్యెత్తమన్నారు అధ్యక్షురాలు గారు. చేతులు లేచాయి. అందరి చూపూ మంత్రిగారి మీద ఆగింది. బొమ్మలాయన లోలోపల లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు అడ్డం తిరిగితే రేపు మన కప్పు సంగతేమిటి? ఒక్క నిచ్చెనే కదా, ఎక్కడో అక్కడ అరువు దొరక్కపోతుందా? బొటనవేలు కదిలింది. మంత్రిగారి చెయ్యి లేచింది.

బయట వరండాలో ఆవిడ నిలబడి ఉంది. చేతుల మీద నీలం రంగు మరకలు ఇంకా ఆరలేదు.

“మీరు లోపలున్నారని తెలిసి ధైర్యంగా ఉన్నానన్నయ్యా. ఏమయింది?”

ఆయన చేతికి బొమ్మ ఉంది. తీసేసి మాట్లాడవచ్చు. తియ్యలేదు.

“చూద్దాం లెండమ్మా” అన్నారు మంత్రిగారు.

ఆవిడ బొమ్మ వంక చూడలేదు. బొమ్మలాయన ముఖంలోకి చూసి, తలూపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయనకి సిగ్గేసింది. నిజంగా, చచ్చేంత సిగ్గేసింది. బస్సులో కూర్చున్నంతసేపూ, ‘కప్పు రానీ, మొదటి ఆటకి ఆవిడ్ని ముందు బెంచీలో కూర్చోబెడతా’ అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఒకసారి సర్దిచెప్పడం అలవాటైతే తర్వాతవి సులువు. ఆ పైన పాటల బృందం వాళ్ళ దరఖాస్తుకీ, మట్టిబొమ్మల ముసలాయన దరఖాస్తుకీ మంత్రిగారు చెయ్యెత్తడానికి అంతసేపు ఆలోచించలేదు. తీర్మానాలు ఏకగ్రీవమవుతున్నందుకు పైవాళ్ళు మెచ్చుకున్నారని అధ్యక్షురాలు గారు మురిసిపోయారు. మంత్రిగారికి కుర్చీలో మెత్త మార్పించారు.

వానాకాలం గుమ్మంలో ఉండగా పైకప్పు దరఖాస్తు రానే వచ్చింది. ఆ రోజు బయల్దేరుతుంటే భార్య మంత్రిగారి కోటుకి కొత్త గుండీ కుట్టింది. ఎన్ని మాటలన్నా ఆవిడకీ ఆశ ఉంది.

“చూద్దాం లెండి అనకుండా, ఇవ్వండి అని ఒక్కసారి అనిపించండి. మీ నాన్నగారేమీ అనుకోర్లెండి” అంది.

దారి పొడుగునా బొమ్మలాయన ఆ ఒక్క మాటే సాధన చేశాడు. ఇవ్వండి. ఇవ్వండి. మంత్రిగారి గొంతులో ఆ మాట ఎంతకీ ఇమడలేదు. ఇన్నేళ్ళలో ఆ నోట ఆ మాట వచ్చి ఉంటే కదా!

దరఖాస్తు చదివి లెక్కల పరిశీలకుడు కళ్ళజోడు సర్దుకున్నాడు.

“విచారణ చేయించాం. ఈ ఆటశాలలో కొన్ని నెలలుగా ఆటే జరగడం లేదు. తలుపుకి అట్ట కూడా తగిలించి ఉంది.”

“ఎందుకని?” అన్నారు అధ్యక్షురాలు గారు.

“ప్రధాన కళాకారుడు వేరే బాధ్యతల్లో ఉన్నారట. మన సంఘంలోనే.”

అందరూ మంత్రిగారి వంక గౌరవంగా చూశారు.

“మరి ఆట లేని చోట పైకప్పు దేనికి?” ఇంజనీరు చాలా సహజంగా అడిగాడు.

ముక్కాలిపీట మీద బొమ్మలాయన ముందుకి జరిగాడు. ఆట మీవల్లే ఆగింది బాబూ, కప్పు వేస్తే మళ్ళీ మొదలవుతుంది, మా నాన్న కట్టిన చోటు, టైర్లు పెడతారు... మాటలన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. చేతికి బొమ్మ ఉంది. సహాయకుడు మాట్లాడరాదు.

“మంత్రిగారూ, మీకు స్వయంగా తెలిసిన చోటు కదా. మీరేమంటారు?”

మంత్రిగారు తల పంకించారు. రెప్పలార్పారు. కాస్త ఆగారు. సభంతా ఆ ఆగడాన్ని ఆస్వాదించింది.

“ఇ...” అన్నారు మంత్రిగారు. పొడిదగ్గు వచ్చింది. “చూద్దాం లెండి.”

“అంతే కదా మరి. సొంత చోటని పక్షపాతం చూపించని పెద్దమనిషి” అన్నారు అధ్యక్షురాలు గారు, కంఠం గద్గదమై. “తిరస్కరణకి సమ్మతమైనవాళ్ళు.”

చేతులు లేచాయి. అన్నిటికన్నా ముందు లేచింది గుండీ కొత్తగా కుట్టిన కోటు చెయ్యి. బొమ్మలాయన దాని వంక నోరు తెరుచుకుని చూశాడు. ఎవరెత్తారా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు. తర్వాత ఆ కోటు లోపల లేచి ఉన్నది తన బొటనవేలేనని తెలిసింది. ‘ఏకగ్రీవం’ అని రాసుకున్నారు.

వీధిలోకి చేరేసరికి తొలివాన మొదలైంది. ఆటశాల గుమ్మంలో మెకానిక్ షెడ్డతను తడవకుండా నిలబడి, ముందు బెంచీల దగ్గర్నుంచి చివర తెర దాకా గదిని కళ్ళతో కొలుస్తున్నాడు. లోపల భార్య బకెట్లు సర్దుతోంది. ఆయన ముఖం చూడగానే ఆవిడకి సగం అర్థమైంది.

“ఇవ్వలేదా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అందరూ కాదన్నారా?”

“అందరూ.”

“మన మంత్రిగారు కూడానా?”

ఆయన కాలితో ఒక బకెట్టుని చుక్క కిందికి జరిపాడు. ఆవిడ చేతిలోని బకెట్టు కిందపెట్టి, దగ్గరికొచ్చి నిలబడింది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

“బొమ్మని కాదండీ, మిమ్మల్ని అడుగుతున్నా. మీరేమన్నారు అక్కడ? ఇప్పుడేం చేద్దాం?”

బొమ్మలాయన గొంతు సవరించుకున్నాడు. నిదానంగా తల పంకించాడు. రెప్పలార్పాడు. కాస్త ఆగాడు.

“చూద్దాం లెండి” అన్నాడు.

మంత్రిగారు అప్పటికీ సంచిలోనే ఉన్నారు.